వెండి పెన్ను మీది ముద్రలు చూసి ఏడాది పట్టుకోవడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంట్లో పాత వెండి ఫౌంటెన్ పెన్ను ఒకటి ఉంది. పక్కన లివరు ఉంది, లోపలి గొట్టం నల్లటిది, రుద్దితే గంధకం వాసన వస్తోంది. మూత అంచున వరసగా నాలుగు చిన్న ముద్రలున్నాయి: ఏవో పొడి అక్షరాలు, నడుస్తున్న సింహం, లంగరు, క్యాపిటల్ ‘హెచ్’. బ్యారెల్ మీదా అవే ఉన్నాయి గానీ చివరి అక్షరం ‘జి’. ఒకరు 1932 అన్నారు, ఒకరు 1982 అన్నారు, ఇంకొకరు మూత వేరే పెన్నుది తెచ్చి తగిలించారు అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 1982 కాదు. 1932 లేదా 1957, అందులోనూ మొగ్గు 1932 వైపే. మూత మార్చారనడానికి ‘జి’, ‘హెచ్’ తేడా ఒక్కటే చాలదు. ఎందుకో కింద చెబుతున్నాను. ఇదే పద్ధతి వేరే పెన్నులకూ పనికొస్తుంది కాబట్టి కొంచెం విస్తరించి రాస్తున్నాను.

అందరూ చేసే పొరపాటు ఒక్కటే, ఏడాదిని సూచించే చివరి అక్షరాన్ని ముందే చూసి పట్టికలో వెతకడం. అక్షరం ఆఖర్న చూడాలి. ముందు ఏ ఊరి వెండి పరీక్షశాల ముద్ర వేసిందో తేల్చుకోవాలి, ఎందుకంటే బ్రిటన్‌లో ఒక్కో ఊరు తన అక్షరమాలను ఒక్కో ఏడాది మొదలుపెట్టింది. లంగరు అంటే బర్మింగ్‌హామ్. చిరుతపులి తల అంటే లండన్ (1821 తర్వాత ఆ తల మీద కిరీటం ఉండదు). కిరీటం అంటే షెఫీల్డ్, కానీ 1974 వరకే. 1975 నుంచి షెఫీల్డ్ గులాబీ వాడుతోంది. కోట అంటే ఎడిన్‌బరా. కత్తి, మూడు గోధుమ పనలు అంటే చెస్టర్, అది 1962లో మూతపడింది. గ్లాస్గో కూడా 1964లో మూతపడింది. చెస్టర్ ముద్ర కనిపించిందంటే అక్షరం చదవకుండానే పెన్ను 1962కి ఇవతలిది కాదని తెలిసిపోతుంది.

కిరీటం దగ్గర జాగ్రత్త. వెండి మీద కిరీటం షెఫీల్డ్ గుర్తు. అదే బ్రిటిష్ బంగారు పెన్ను మీద ఉంటే బంగారం నాణ్యత గుర్తు, ఊరికి సంబంధం లేదు. పక్కన నెలవంక ఉంటే అసలు బ్రిటనే కాదు, జర్మనీ.

ఇప్పుడు అక్షరం. బర్మింగ్‌హామ్ లెక్క సులువు: 25 అక్షరాల చక్రం, 1875, 1900, 1925, 1950, 1975లలో ‘ఏ’తో మొదలు. ఐ, జె రెండింటికీ కలిపి ఒకే ఏడాది. అందుచేత ‘హెచ్’ 1882లో, 1907లో, 1932లో, 1957లో, 1982లో వచ్చింది. ఇందులో 1882, 1907 చక్రాల్లో స్మాల్ అక్షరాలు వాడారు, మీది క్యాపిటల్ కాబట్టి అవి పోయాయి. మిగిలినవి మూడు. అదే ‘హెచ్’ లండన్ ముద్ర పక్కన ఉండి ఉంటే లెక్క పూర్తిగా మారిపోయేది. లండన్ వాళ్లది 20 అక్షరాల చక్రం, ఏ నుంచి యు దాకా, జె లేకుండా. 1896, 1916, 1936, 1956లలో మొదలైంది. అక్కడ క్యాపిటల్ ‘హెచ్’ 1943. షెఫీల్డ్‌లో చక్రాలు 1893, 1918, 1943, 1968లలో మొదలయ్యాయి, అక్కడ 1943 చక్రం ‘హెచ్’ 1950. ఒకే అక్షరానికి ఊరిని బట్టి ఇంత తేడా వస్తుంది కాబట్టే లంగరు సరిగా కనిపించకపోతే అక్షరం జోలికి పోవద్దంటాను.

ఇంకో మెలిక ఉంది. 1975కి ముందు అక్షరం జనవరి 1న మారేది కాదు. లండన్‌లో మే నెలలో, బర్మింగ్‌హామ్‌లో జులైలో మారేది. అంటే మీ ‘హెచ్’ 1932 చక్రానిదే అయితే దానర్థం 1932 జులై నుంచి 1933 జూన్ వరకు. రాసుకునేటప్పుడు ‘1932’ అని కాకుండా ‘1932–33’ అని రాసుకోవడం సరైన పద్ధతి. 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం 1975 జనవరి 1న అమల్లోకి వచ్చాక అన్ని ఊళ్లూ ఒకే అక్షరం, ఒకే క్యాలెండర్ ఏడాది పాటిస్తున్నాయి. 1975 క్యాపిటల్ ‘ఏ’, 1999 ‘జెడ్’. 2000లో మళ్లీ స్మాల్ ‘ఏ’తో మొదలై 2024తో ఆ చక్రం కూడా అయిపోయింది. ఈ కాలం పెన్నులకు ఊరు తప్పు చదివినా ఏడాది తప్పదు.

1932, 1957, 1982లలో ఒకటి తేల్చాలంటే ముద్ర ఒక్కటే సరిపోదు, పెన్నును విప్పి చూడాలి. 1982లో బ్రిటన్‌లో కొత్తగా తయారైన వెండి పెన్ను అంటే దాదాపుగా కార్ట్రిడ్జ్ (సిరా నింపిన గొట్టం), కన్వర్టర్ (తీసి పెట్టుకునే సిరా పీల్చే గొట్టం) పెన్నే. లివరు నొక్కి సిరా పీల్చేది కాదు. అది పోయింది. 1957ని మాత్రం లివరును బట్టి కొట్టేయలేం, ఎందుకంటే కాన్వే స్టూవర్ట్ లాంటివాళ్లు 1950లలో కూడా లివరు పెన్నులు చేస్తూనే ఉన్నారు. ఇక్కడే లోపలి గొట్టం పనికొస్తుంది. గట్టిగా బొటనవేలితో రుద్దితే గంధకం వాసన వచ్చిందంటే అది ఎబొనైట్ (గంధకంతో గట్టిపరిచిన రబ్బరు). 1957 నాటికి పెన్నుల తయారీ చాలావరకు ప్లాస్టిక్‌కు మారిపోయింది. వెండి తొడుగు కింద ఎబొనైట్ ఉండడం 1932కే ఎక్కువ సరిపోతుంది. పాళీ కింద ఉండి దానికి సిరా అందించే ఫీడు కూడా ఎబొనైటేనా చూడండి, కానీ ఫీడులు చాలాకాలం ఎబొనైట్‌తోనే చేశారు కనుక దానికి పెద్ద విలువ ఇవ్వకండి.

ఖరారు చేసేది మాత్రం అక్షరం చుట్టూ ఉన్న చట్రం. ప్రతి చక్రానికీ అక్షరం రాతా, దాని చుట్టూ గీసిన ఆకారమూ మారుస్తారు: కొన్ని చక్రాల్లో మూలలు కోసేసిన చదరం, కొన్నింట్లో కింద మొనదేలిన డాలు, కొన్నింట్లో గుండ్రటి అంచు. బర్మింగ్‌హామ్‌లో 1925, 1950 చక్రాలు రెండూ క్యాపిటల్ అక్షరాలే కాబట్టి మీ పెన్ను విషయంలో తీర్పు ఈ చట్రానిదే. ముద్రల పట్టిక ఏది వాడినా ఒట్టి అక్షరాలు అచ్చేసినది కాకుండా చట్రంతో సహా బొమ్మ ఉన్నది తీసుకోండి.

చట్రం కనబడాలంటే ముద్రను చూడ్డం తెలియాలి. పది రెట్లు పెంచే కంసాలి లూపు తీసుకోండి, అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, మామూలు భూతద్దం చాలదు. దీపం పైనుంచి వేస్తే వెండి తళతళలాడి ఏమీ కనబడదు. చీకటి గదిలో ఫోను టార్చిని పెన్నుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి పెట్టి, పెన్నును వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో ముద్ర అంచులు ఒక్కసారిగా నీడలతో లేస్తాయి. అక్కడే ఆపి ఫొటో తీయండి. అలా కూడా రాకపోతే మెత్తటి పెన్సిల్ పొడిని వేలితో ముద్ర మీద రాసి, దాని మీద పారదర్శకమైన టేపు అంటించి, గోరుతో నొక్కి తీసి తెల్ల కాగితం మీద అతికించండి. వంపు తిరిగిన బ్యారెల్ మీది ముద్ర చదునుగా కాగితం మీదికి వస్తుంది, పట్టికతో పోల్చడం తేలిక. టేపు ఎక్కువసేపు ఉంచొద్దు. జిగురు దిగితే వెండి మీద మచ్చ పడుతుంది.

ముద్ర కనబడట్లేదని పెన్నును మెరుగు పెట్టించడం మాత్రం వద్దే వద్దు. పాత పెన్నుల మీద ఈ ముద్రలు ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి, లోతు ఇంకా తక్కువ. మనవైపు కంసాలి దుకాణంలో ఇస్తే యంత్రం చక్రం మీద పెట్టి నగలాగే మెరిపించి ఇస్తారు, వాళ్ల తప్పేం లేదు, వెండి సామాను అలాగే చేస్తారు. ఆ రెండు నిమిషాల్లో చట్రం అంచులు పోతాయి, మిగిలేది ఒక గుంట. ఆ తర్వాత 1932కీ 1957కీ తేడా చెప్పే ఆధారం ఎవరికీ దొరకదు.

ఇంట్లో చేసే చిట్కాలు కూడా ప్రమాదమే. అల్యూమినియం రేకు, సోడా, వేడినీళ్ల చిట్కా పళ్లేలకు బాగుంటుంది. పెన్నుకైతే ఆ వేడినీళ్లు లోపలి ఎబొనైట్‌ను తాకుతాయి. నల్లటి ఎబొనైట్ ఒక్క ముంపుతో పాకుడు రంగులోకి, బురద గోధుమ రంగులోకి తిరిగిపోతుంది, మళ్లీ నలుపు రాదు. సిల్వర్ డిప్ ద్రావకాలు ఇంకో సమస్య: క్లిప్పు కిందా, మూత లోపలి అతుకుల్లోనూ ఇరుక్కుని లోపల్నుంచి తింటాయి. పార్కర్ 75 లాంటి గళ్ల చెక్కడం ఉన్న పెన్నుల్లో గీతల అడుగున నలుపు కావాలనే పెట్టినది. డిప్‌లో ముంచితే ఆ నలుపు పోయి పెన్ను అల్యూమినియం గొట్టంలా తేలిపోతుంది. మెత్తటి నూలు గుడ్డతో పొడిగా, ముద్రలను తప్పించి తుడవండి, చాలు.

పొడి అక్షరాల సంగతికి వద్దాం. చాలామంది వాటిని తయారీదారు పేరు అనుకుంటారు. నిజానికి అవి వెండి వస్తువును పరీక్షకు పంపినవారి గుర్తు. అది పెన్ను కంపెనీ కావచ్చు, తొడుగు చేసిన కంసాలి కంపెనీ కావచ్చు, అమ్మిన పెద్ద దుకాణం కావచ్చు. యార్డ్-ఓ-లెడ్ పాత పెన్సిళ్ల మీద జాన్సన్ మాథీ వారి ‘జె ఎం అండ్ కో’ కనిపించడం మామూలే, దాన్ని చూసి నకిలీ అనుకోవద్దు. ఇలాంటి కంపెనీ చరిత్ర ఏడాదికి గట్టి హద్దు కూడా వేస్తుంది. యార్డ్-ఓ-లెడ్ 1934లో పుట్టింది (మూడేసి అంగుళాల పన్నెండు పెన్సిల్ లెడ్‌లు, అంటే గజం లెడ్ నింపుకునే పెన్సిలు గనుక ఆ పేరు). ఆ పేరున్న వస్తువు మీద మీకు 1934 కంటే ముందు ఏడాది వచ్చిందంటే తప్పు చక్రంలో చదువుతున్నారని అర్థం. మీ పెన్ను మీది పొడి అక్షరాలు స్పష్టంగా చదివి, బర్మింగ్‌హామ్‌లో ఆ గుర్తు ఎప్పుడు నమోదైందో చూస్తే 1932కీ 1957కీ మధ్య తగువు ఇంకోవైపు నుంచి కూడా తీరుతుంది.

మూత ‘హెచ్’, బ్యారెల్ ‘జి’ విషయం. ముద్ర చెప్పేది పరీక్ష జరిగిన ఏడాదిని. పెన్ను బిగించిన ఏడాదినీ, అమ్మిన ఏడాదినీ కాదు. వెండి గొట్టాలను విడిగా, పాళీ, ఫీడు ఏవీ పెట్టకముందే పరీక్షకు పంపేవారు. బ్యారెళ్ల తట్ట జూన్‌లో వెళ్లి, మూతల తట్ట ఆగస్టులో వెళ్తే ఒకే పెన్ను మీద రెండు అక్షరాలు పడతాయి. పక్కపక్క అక్షరాలు ఉంటే అనుమానపడనక్కర్లేదు, పెన్ను వయసు తర్వాతి అక్షరం నుంచి లెక్కపెట్టండి. నాలుగైదేళ్ల తేడా ఉంటే, లేదా మూత లండన్, బ్యారెల్ బర్మింగ్‌హామ్ అయితే అప్పుడు మూత మార్చారని అనుకోవచ్చు. పొడి అక్షరాలు రెండింటి మీదా ఒకటేనా, చెక్కడం గీతల దూరం ఒకటేనా కూడా చూడండి.

క్లిప్పు మీదో, మూత ఉంగరం మీదో ముద్ర లేదని కంగారు వద్దు. బ్రిటన్‌లో 7.78 గ్రాముల లోపు వెండికి ముద్ర తప్పనిసరి కాదు. పాత తూకంలో 5 పెన్నీవెయిట్లు అది, 18వ శతాబ్దం నుంచి ఉన్న మినహాయింపే. పల్చటి వెండి తొడుగు ఉన్న చిన్న పెన్నుల మీద ఏ ముద్రా లేకపోవడానికి ఒక కారణం ఇదే.

రాజు తల, రాణి తల ముద్రలు అదనపు సాక్ష్యం. 1784 నుంచి 1890 వరకు సుంకం కట్టినందుకు తల ముద్ర వేసేవారు. ఫౌంటెన్ పెన్ను అని అమ్మేదాని మీద విక్టోరియా తల కనిపిస్తే అది దాదాపుగా ముంచి రాసే కలం పిడో, పెన్సిలు తొడుగో అయి ఉంటుంది. ఫౌంటెన్ పెన్నుకు వాటర్‌మన్ పేటెంటు వచ్చిందే 1884లో. తర్వాతివి ఉత్సవ ముద్రలు, ఇష్టమైనవారు వేయించుకునేవి: ఐదో జార్జి, మేరీ జంట తలలు 1930ల మధ్యలో (1935 రజతోత్సవం సందర్భంగా), ఎలిజబెత్ తల 1953 పట్టాభిషేకం సమయంలో, మళ్లీ 1977లో రజతోత్సవానికి, 2002, 2012, 2022లలో ఆమె మిగతా ఉత్సవాలకు. 2000లో సహస్రాబ్దికి వేసింది తల కాదు, 2000 అంకె.

1999 నుంచి నియమాలు మారాయి. అంతకు ముందు బ్రిటిష్ తయారీ వెండి మీద నాణ్యతకు సింహమే చాలు, సాధారణంగా అంకె ఉండదు. 1999 జనవరి నుంచి అండాకారంలో 925 అంకె (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని) తప్పనిసరి అయింది. సింహం, ఏడాది అక్షరం రెండూ ఐచ్ఛికమయ్యాయి. దీనివల్ల రెండు విషయాలు తెలుస్తాయి. సింహం పక్కనే అండాకారంలో 925 ఉంటే ఆ పెన్ను 1999కి ఇవతలిది అయ్యే అవకాశమే ఎక్కువ. అక్షరం అసలు లేకపోతే అది అరిగిపోయిందని కాదు, వేయించకపోయి ఉండొచ్చు. లేజర్ ముద్రలు కూడా 1990ల చివర్లో వచ్చినవే. గుద్దిన ముద్ర అడుగు గుంటగా, అంచులు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. లేజర్ ముద్ర మంచు పట్టిన గాజులా చదునుగా, గరుకుగా ఉంటుంది. 1930ల అక్షరం లేజర్‌తో ఉంటే ఆ పెన్ను పక్కన పెట్టేయండి.

విదేశీ పెన్ను బ్రిటన్‌లో అమ్ముడైతే దానికి వేరే గుర్తులు. 1904 నుంచి 1998 దాకా దిగుమతి వెండికి సింహం వేయలేదు. .925 అంకె, దాని పక్కన ఊరి దిగుమతి గుర్తు, ఏడాది అక్షరం వేసేవారు. లండన్ దిగుమతి గుర్తు సింహరాశి చిహ్నం, తోక తిరిగిన చిన్న కొక్కెంలా ఉంటుంది. బర్మింగ్‌హామ్‌ది సమబాహు త్రిభుజం. అమెరికా పెన్ను మీద త్రిభుజం, అక్షరం కనిపిస్తే అదృష్టమే, ఎందుకంటే అమెరికన్ వెండికి స్వతహాగా ఏడాది చెప్పే ముద్ర లేదు.

అమెరికాలో ప్రభుత్వ పరీక్షశాలలు లేవు. 1906 నాటి చట్టం ‘స్టెర్లింగ్’ అని రాస్తే 925 టచ్ (స్వచ్ఛత) ఉండాలని చెప్పింది, అంతే. 1961 సవరణ తర్వాత నాణ్యత ముద్ర పక్కన కంపెనీ గుర్తు కూడా ఉండాలి. కాబట్టి ఆ పెన్నుల ఏడాది వేరే చోట వెతకాలి. వాటర్‌మన్ ఐడియల్‌లో అడుగున చెక్కిన అంకె చూడండి: 452 అంటే 4 వెండి తొడుగు, 5 లివరు, 2 పాళీ సైజు. వాటర్‌మన్ లివరు 1915లో వచ్చింది, లివరుకు 5 అంకె వేసే పద్ధతి ఆ తర్వాత రెండేళ్లకు స్థిరపడింది. అందుచేత 452 అంటే అంతకు ముందుది కాదు. 552 అయితే బంగారు తొడుగు, ముందు సున్నా ఉంటే గిలటు బంగారం.

పార్కర్ 75 గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఒక్క మాట. కంపెనీకి 75 ఏళ్లు నిండిన సందర్భంగా 1963 చివర్లో వచ్చింది. మూత అంచున ‘స్టెర్లింగ్ క్యాప్ అండ్ బ్యారెల్’ అని ఉంటుంది, ఏడాది ఉండదు. మూత, బ్యారెల్ చివరల బిళ్లలు చదునుగా ఉంటే తొలి రోజులవి, లోపలికి పళ్లెంలా గుంటగా ఉంటే తర్వాతివి. పాళీ పక్కన పట్టు ఉంగరం మీద సున్నా గుర్తు ఉంటే అది కూడా తొలి కాలానిదే. ఇందులో ఒక చిత్రమైన రకం ఉంది: 1715లో ఫ్లోరిడా తీరంలో మునిగిన స్పెయిన్ నిధి నౌకల వెండితో 1965లో చేసిన 4,821 పెన్నులు. వాటి మీద 1715 అని ఉంటుంది. దాన్ని తయారీ ఏడాదిగా చదివి ‘మూడు శతాబ్దాల నాటి పెన్ను’ అని అమ్మకానికి పెట్టేవాళ్లు కూడా తగులుతారు.

1980 నుంచి పార్కర్ మూత అంచున చిన్న కోడ్ పెట్టింది, వెండి సోనెట్ లాంటివాటి ఏడాది దానితో తేలుతుంది. ‘క్వాలిటీపెన్’ అనే పదం ఇంగ్లీషు స్పెల్లింగులోని పది అక్షరాలకు వరసగా సున్నా నుంచి తొమ్మిది: క్యూ 0, యు 1, ఏ 2, ఎల్ 3, ఐ 4, టి 5, వై 6, పి 7, ఇ 8, ఎన్ 9. అది ఏడాదిలోని చివరి అంకె. 1987 నుంచి దాని పక్కన గీతలు: మూడు గీతలు మొదటి త్రైమాసికం, రెండు గీతలు రెండోది, ఒక గీత మూడోది, ఏ గీతా లేకపోతే ఆఖరిది. దశకం మాత్రం కోడ్ చెప్పదు. ‘టి’ అంటే 1985, 1995, 2005లో ఏదైనా కావచ్చు. అక్కడ మళ్లీ మోడల్ చూసి తేల్చుకోవాలి. సోనెట్ 1990లలో వచ్చింది కనుక 1985 పోతుంది.

ఫ్రాన్స్‌లో ఏడాది అక్షరం లేదు. 1838 నుంచి ఒకే వ్యవస్థ, కాబట్టి కాలావధే దొరుకుతుంది. హెల్మెట్ పెట్టుకున్న మినర్వా దేవత తల వెండి గుర్తు. 1973 నుంచి 925 టచ్‌కూ అదే. చిన్న వస్తువుల మీద అడవిపంది తల ఉంటే పారిస్‌లో 1962లోపు పరీక్షించినది. పీత ఉంటే 1962కి ముందు ఇతర పట్టణాల్లో, ఆ తర్వాత ఎక్కడైనా. పెన్నుల మీద ఈ పంది, పీత తేడా ఒక్కటే ఫ్రెంచి వెండికి నిజంగా పనికొచ్చే కాల సూచన. తయారీదారు గుర్తు రాంబస్ ఆకారంలో ఉంటుంది. చదరంలో ఉంటే అది పూత వస్తువు, వెండి కాదు.

జర్మనీ నెలవంక, కిరీటం 1888 నుంచి ఉన్నాయి, ఏడాది చెప్పవు. మోంబ్లాంక్ లాంటివాటికి మోడల్, ఎడిషన్ అంకెలే దిక్కు: 1992లో వచ్చిన లొరెంజో డి మెదిచి 4810 పెన్నులే చేశారు, బ్యారెల్ మీద సంఖ్య ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో బాతు ముద్ర 1934 నుంచి 1995 వరకు, ఆ తర్వాత సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. ఇటలీలో నక్షత్రం, అంకె, జిల్లా కోడ్ కలిసి ఉంటే 1968 తర్వాతివి. అరోరాకు టురిన్ ‘టి ఓ’, మోంటెగ్రాప్పాకు విచెంజా ‘వి ఐ’. జపాన్ పెన్నులకు ముద్ర వదిలేసి పాళీ చూడండి, పైలట్ పాళీ మీద అక్షరం తర్వాత నెల, ఏడాది ఉంటాయి: 479 అంటే 1979 ఏప్రిల్. త్రాసు బొమ్మలో 925 ఉంటే అది అంతర్జాతీయ ఒప్పందపు గుర్తు, 1975కి ముందు లేదు.

వెండి కాని వాటి సంగతి. మన ఇళ్లల్లో పూజ సామానుకు వాడే జర్మన్ సిల్వర్‌లో వెండి ఎలా ఉండదో, పెన్నుల మీద ‘ఆల్పాకా’, ‘ఇ పి ఎన్ ఎస్’, ‘నికెల్ సిల్వర్’ అన్నవాటిలోనూ ఉండదు, ఉంటే పైపూతే. ఇ పి ఎన్ ఎస్ వస్తువుల మీద ఒక్కో అక్షరాన్ని ఒక్కో డాలులో వేరువేరుగా కొట్టేవారు, దూరం నుంచి అచ్చం హాల్‌మార్క్ వరసలా కనిపిస్తుంది. సింహమూ ఊరి గుర్తూ లేకపోతే అది హాల్‌మార్క్ కాదు. ఇంకో మోసం, వేరే వస్తువు నుంచి ముద్ర ఉన్న ముక్క కోసి పెన్నులో అతకడం. ముద్ర చుట్టూ గట్టిగా ఊపిరి ఊదండి. ఆవిరి పట్టిన క్షణంలో అతుకు గీత విడిగా కనిపిస్తుంది, టంకం ఉన్నచోట మసక రంగు వేరుగా ఉంటుంది.

నాణ్యత మీద అనుమానం ఉంటే గీటురాయి, ఆమ్లం వద్దు, గీత శాశ్వతంగా ఉండిపోతుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఎక్స్-రే యంత్రం ఉంటుంది, గీత పడకుండా టచ్ చెబుతుంది. రెండు షరతులు పెట్టండి. మొదటిది, మెరుగు పెట్టకూడదు. రెండోది, కొత్తగా మన బీఐఎస్ ముద్ర వేయకూడదు. మన దేశంలో వెండికి అది తప్పనిసరి కాదు, పాత ముద్రల పక్కన కొత్త లేజర్ ముద్ర పడితే సేకరించేవాళ్లు ఆ పెన్నును ముట్టరు. యంత్రం పైపొరనే చదువుతుంది కాబట్టి మందంగా పూత ఉన్న పెన్ను కూడా 925 చూపించగలదు. మూత అంచు లోపలివైపు, పూత అరిగే చోట, ఇంకో రీడింగ్ తీయమనండి.

పెన్నును రబ్బరు బ్యాండుతో చుట్టి బీరువాలో పెట్టి ఉంటే ఆ బ్యాండు ఇవాళే తీసేయండి. రబ్బరులోని గంధకం వెండిని నల్లగా కొరుకుతుంది, బ్యాండు గీత సరిగ్గా ముద్రల మీదుగా పోతే చదవడం ఇంకా కష్టమవుతుంది. తర్వాత మూత ముద్రలు, బ్యారెల్ ముద్రలు విడివిడిగా పక్క వెలుతురులో తీసిన ఫొటోలు, విప్పిన పాళీ కింది భాగం ఫొటో, పొడి అక్షరాల టేపు అచ్చు పెట్టండి. ‘హెచ్’ చుట్టూ ఉన్న చట్రం కనిపిస్తే 1932కీ 1957కీ మధ్య ఏదో అక్కడికక్కడే తేలిపోతుంది.